నాన్నగారి ఆటల కాలమ్స్ పుస్తకంగా: 1,400 కట్టింగుల్లో ఏవి ఉంచాలి, ఏవి వదలాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నాన్నగారు ఒక తెలుగు దినపత్రికలో ముప్పై ఏళ్ళకు పైగా వారం వారం ఆటల కాలమ్ రాశారు. ఇంట్లో సుమారు 1,400 కట్టింగులున్నాయి. ఆయనకిప్పుడు 78 ఏళ్ళు. ఆయన చేతికి పుస్తకం అందించాలని మీ అన్నాచెల్లెళ్ళ కోరిక. అన్నీ వేయాలా, ఏరి వేయాలా? తేదీల వరసలో పెట్టాలా? పత్రిక అనుమతి కావాలా? 500 కాపీలు వేస్తే అమ్ముడవుతాయా?

ముందు సూటిగా చెప్పేస్తాను. అన్నీ వేయకండి, ఓ వంద ఏరండి. ఏరేటప్పుడు "ఇది పెద్ద మ్యాచ్ కదా" అనే లెక్క పక్కన పెట్టి, ఆయన రాయకపోతే ఇంకెవరూ రాసి ఉండరు అనిపించేవి తీసుకోండి. వాటిని తేదీల వరసలో కాకుండా విషయాల వారీగా పెట్టండి, కానీ ప్రతిదాని కిందా తేదీ వేయండి. పుస్తకానికి పత్రిక అనుమతి చట్టం ప్రకారం చాలామందికి అవసరం పడదు, అయితే నియామక పత్రం చూడకుండా ముందుకెళ్ళొద్దు. కాపీలు 200తో మొదలుపెట్టండి.

నేను స్పోర్ట్స్ డెస్క్ మీద చాలాకాలం పనిచేశాను. రిటైరయ్యాక ఇలాంటి సంకలనాలకు ఎడిటింగ్ చేసిపెడుతున్నాను. కింద రాసేదంతా ఆ పనిలో చూసినదే.

"సమగ్రం" అనే ఆశ ఎందుకు వదులుకోవాలంటే

లెక్క వేయండి. ఒక్కో కాలమ్ డెమ్మీ సైజు (మామూలు తెలుగు పుస్తకాల సైజు) పుస్తకంలో రెండున్నర పేజీలు వస్తుంది. 1,400 కాలమ్స్ అంటే 3,500 పేజీలు, అంటే ఏడెనిమిది లావుపాటి సంపుటాలు. మీ బంధువులు కూడా మొదటి సంపుటం దాటరు. పైగా వారం వారం రాసేవాళ్ళెవరికైనా విషయం దొరకని వారాలుంటాయి. బోర్డు రాజకీయాలు, సెలక్టర్ల మీద చిరాకు, "మన హాకీకి పూర్వవైభవం ఎప్పుడు" వంటివి ఆ వారాలకు పనికొచ్చే సరుకు. ఆ రోజున పేజీ నిండింది, పని అయిపోయింది. పుస్తకంలో అవి పక్కపక్కన పడితే మనిషి చెప్పిందే చెప్తున్నట్టు కనిపిస్తాడు. మంచి కాలమిస్టును కూడా సమగ్ర సంపుటం సాదాసీదా కాలమిస్టులా చూపించేస్తుంది.

ఏరడం ఎలా

ఇంట్లోవాళ్ళు ముందుగా తీసేవి ప్రపంచకప్‌లు, ఒలింపిక్స్. ఆ కట్టింగులు చాలా శ్రద్ధగా దాచిపెట్టి ఉంటారు కూడా. కానీ ఒకసారి ఆలోచించండి. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టు. ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, నాలుగో రోజంతా ఒక్క వికెట్ కూడా పడలేదు. ఆ ఇన్నింగ్స్ వీడియో ఎవరైనా ఇప్పుడే ఫోన్‌లో చూసుకోవచ్చు, దాని మీద పుస్తకాలకు పుస్తకాలే వచ్చాయి. హైదరాబాద్ డెస్క్‌లో కూర్చుని టీవీ చూసి రాసిన కాలమ్‌లో స్కోరు, మెచ్చుకోలు తప్ప ఇంకేమీ లేకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

అదే, లక్ష్మణ్ కుర్రవాడిగా ఉన్నప్పుడు హైదరాబాద్ లీగ్ మ్యాచ్‌లో ఆడిన ఇన్నింగ్స్ చూసి నాన్నగారు రాసిన నాలుగు పేరాలు ఉన్నాయనుకోండి, చిరిగిపోయిన కట్టింగైనా సరే అదే పుస్తకంలోకి రావాలి. ఆ మ్యాచ్‌ను ఎవరూ వీడియో తీయలేదు.

1983 ప్రపంచకప్ తీసుకున్నా అంతే. ఫైనల్ అందరూ చూశారు, ఇప్పటికీ చూస్తున్నారు. అదే టోర్నీలో జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద కపిల్ కొట్టిన 175 మాత్రం వీడియోలో లేదు. ఆ రోజు గ్రౌండ్‌లో ఉన్నవాళ్ళు రాసిందీ, చెప్పిందే దిక్కు. అంత పెద్ద ఇన్నింగ్స్ పరిస్థితే అలా ఉంటే మన జిల్లాల్లో జరిగిన ఆటల సంగతి చెప్పేదేముంది? 1986-87లో ఎం.వి. నరసింహారావు కెప్టెన్సీలో హైదరాబాద్ రంజీ ట్రోఫీ గెలిచింది. 1937-38 తర్వాత మళ్ళీ అప్పుడే. ఆ సీజన్‌లో జట్టు రైల్లో ఎలా వెళ్ళింది, ఎవరు గాయంతో ఆడారు, గెలిచాక ఊళ్ళో ఏం జరిగింది అన్నవి ఆ రోజుల తెలుగు పేపర్లలో తప్ప ఎక్కడా దొరకవు. మొయినుద్దౌలా గోల్డ్ కప్ క్రికెట్ మ్యాచ్‌లు, హైదరాబాద్ ఫతే మైదాన్ మెట్ల మీద కూర్చునే జనం, సంక్రాంతికి జరిగే కబడ్డీ పోటీలు, స్కూల్ గేమ్స్‌లో వాలీబాల్, పల్లెటూరి వ్యాయామ ఉపాధ్యాయులు... ఇలాంటివి ఉంటే ముందు వాటిని ఒక కుప్పగా పెట్టండి. మీ పుస్తకానికి అసలు బలం అక్కడుంది.

రెండో కుప్ప నివాళులు. ఎవరైనా ఆటగాడో కోచో పోయిన వారం కాలమిస్టులు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తారు. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నీ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చింది. మీ నాన్నగారు కాలమ్ మొదలుపెట్టేనాటికి ఆ తరం ఆటగాళ్ళు మధ్యవయసు దాటారు, ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళతో మాట్లాడి రాసినవేమైనా ఉంటే అవి చరిత్రే. అమెరికాలో న్యూయార్క్ పత్రికలకు దశాబ్దాలపాటు కాలమ్ రాసి 1976లో పులిట్జర్ బహుమతి అందుకున్న రెడ్ స్మిత్ 1982లో చనిపోయాడు. ఆ ఏడాదే ఆయన నివాళి కాలమ్స్ ఒక్కటే ఏర్చి కూర్చి విడిగా పుస్తకం తెచ్చారు. ఒకే దారం మీద మొత్తం పుస్తకం నిలబడగలదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మూడో కుప్ప, ఆయన ఒక వైపు నిలబడి రాసినవి. స్టేడియం స్థలం పోతున్నప్పుడో, సెలక్షన్లలో పేదింటి అమ్మాయికి అన్యాయం జరిగినప్పుడో రాసిన పదునైన కాలమ్స్. వాషింగ్టన్ పోస్ట్‌లో డెబ్భై ఏళ్ళకు పైగా రాసిన షర్లీ పోవిచ్‌ను ఇప్పటికీ తలుచుకునేది ఇలాంటి వాటికే. ఆ నగరపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు యజమాని 1962 వరకు నల్లజాతి ఆటగాళ్ళను తీసుకోలేదు. పోవిచ్ ఊరుకోలేదు. మ్యాచ్ రిపోర్టులోనే చురకలు పెడుతూ ఏళ్ళ తరబడి వెంటపడ్డాడు. ఆ మ్యాచ్‌ల స్కోర్లు ఎవరికీ గుర్తులేవు, చురకలు గుర్తున్నాయి.

ఎవరు ఏరాలి

ఆ పోవిచ్ కథలో మీకు పనికొచ్చే సంగతి ఇంకోటుంది. ఆయన 1998 జూన్‌లో, 92 ఏళ్ళ వయసులో పోయాడు. చివరి కాలమ్ ఆయన పోయిన మర్నాడు అచ్చయింది. 2005లో ఆయన ముగ్గురు పిల్లలూ కలిసి సంకలనం తెచ్చారు, కానీ వాళ్ళే కూర్చుని చేసెయ్యలేదు. ఆ పత్రికకు స్పోర్ట్స్ ఎడిటర్‌గా చేసిన జార్జ్ సోలమన్‌ను కూడా కలుపుకున్నారు.

మీరూ అలాగే చేయండి. ఇంట్లోవాళ్ళకు ప్రతి కట్టింగు వెనకా ఒక జ్ఞాపకం ఉంటుంది. "ఇది వచ్చినరోజు నాన్నకు ఎన్ని ఫోన్లొచ్చాయో" అంటూ కుప్ప పెంచేస్తారు. రచయిత చేతికిచ్చినా చిక్కే. ఎవరో పెద్దమనిషి మెచ్చుకున్నవి, విదేశీ టూర్లకు వెళ్ళి పంపినవి ముందు తీస్తారు. ఆయనతో కలిసి పనిచేసిన సబ్ ఎడిటర్ ఒకరిని, ఆటలంటే పెద్దగా పట్టని మంచి పాఠకుడు ఒకరిని పట్టుకోండి. వాళ్ళిద్దరూ, మీ ఇంట్లోంచి ఒకరూ, ముగ్గురూ విడివిడిగా టిక్కులు పెట్టాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. ముగ్గురి టిక్కూ పడ్డవి నేరుగా లోపలికి. రెండు టిక్కులున్నవాటి మీద వాదించుకోండి. ఒక్కటే ఉంటే పక్కన పెట్టండి, అయితే అలాంటివాటిలో ఐదారింటిని తన ఇష్టంగా చేర్చుకునే హక్కు నాన్నగారికి మాత్రం ఇవ్వండి. పుస్తకం ఆయనది.

ఆటలు పట్టని ఆ పాఠకుడి మాట తేలిగ్గా తీసుకోవద్దు. స్కోరు తెలియకపోయినా చివరిదాకా చదివించిన కాలమ్ ఏదో ఆయనే చెప్పగలరు.

తిరగరాయనివ్వకండి

దీని దగ్గర ప్రతిసారీ గొడవే. పాత కాలమ్ చేతికిస్తే ఏ రచయితైనా పెన్ను తీస్తారు. నేను ఎడిటింగ్ చేసిపెట్టిన ఒక పెద్దాయన తన 1990ల నాటి వ్యాసాల్లో, అప్పటికి కుర్రవాళ్ళైన ఆటగాళ్ళ గురించి "వీడు దేశానికి ఆడతాడు" అన్న వాక్యాలు కొత్తగా చేర్చబోయారు. పాపం దురుద్దేశం లేదు, అప్పుడే అనుకున్నానని ఆయన గట్టి నమ్మకం. కట్టింగులో లేదు కాబట్టి నేను ఒప్పుకోలేదు, ఆయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

అచ్చుతప్పులు దిద్దండి. పేరు తప్పుపడితే సరిచేయండి. స్కోరు తప్పైతే అలాగే ఉంచి కింద నోట్‌లో సరైనది ఇవ్వండి. అభిప్రాయాన్ని మాత్రం ముట్టుకోవద్దు, తప్పిన జోస్యాలను అసలే ముట్టుకోవద్దు. ఇందాకటి కోల్‌కతా టెస్టులో మూడో రోజు ఆట ముగిసేసరికి మనం ఇంకా 20 పరుగులు వెనకబడి ఉన్నాం, నాలుగు వికెట్లు పోయాయి. ఆ రాత్రి "ఈ మ్యాచ్ అయిపోయింది" అని నాన్నగారు రాసి ఉంటే, అది పుస్తకానికి బంగారం. గెలిచాక రాసిన పొగడ్తలు తీసేసి అదొక్కటే వేసినా సరిపోతుంది. ఆ రోజు తెలివిగా ఆలోచించే మనిషికి ఆట ఎలా కనిపించిందో అందులో ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు కరణం మల్లీశ్వరి ఎంపికను తప్పుపట్టిన రాతలు చాలానే వచ్చాయి. ఆమె 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. నాన్నగారూ ఆ సందేహం రాసి ఉంటే, దాన్నీ, పతకం తర్వాత రాసినదాన్నీ ఎదురెదురు పేజీల్లో వేయండి.

పాత కాలమ్స్‌లో మహిళా క్రీడాకారుల రూపం గురించి, కులం ఊరు గురించి ఇప్పుడు చదివితే ఇబ్బందిగా అనిపించే మాటలు తగలొచ్చు. కాలమ్ మొత్తం అదే ధోరణిలో ఉంటే ఎంపికలోంచే తీసేయండి. ఒక మాట దగ్గరే ఇబ్బందైతే ఉంచండి. చాటుగా మార్చి వేయడం నాకు నచ్చదు.

హెడ్డింగుల సంగతి కూడా ఆయన్ని అడగండి. చాలావరకు అవి డెస్క్ పెట్టినవే అయుంటాయి. యాడ్ వచ్చి చివరి పేరా ఎగిరిపోయిన సందర్భాలూ ఉంటాయి. చేతిరాత ప్రతి గానీ, ఫ్యాక్స్ కాపీ గానీ ఇంట్లో ఉంటే, ఆ పేరా తెచ్చి కలపండి. అది తిరగరాయడం కిందికి రాదు.

నోట్స్ ఎన్ని, ఎలా

ఒక్కో కాలమ్‌కు రెండు మూడు లైన్లు చాలు. కానీ అవసరమైన చోట తప్పకుండా ఉండాలి. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించాడు. ఇప్పటి కుర్రవాళ్ళు అది చూసి "15కే గేమ్ అయిపోయిందా" అంటారు. 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చిందని, అంతకుముందు సర్వీస్ చేసేవాళ్ళకే పాయింట్ వచ్చేదని ఒక్క లైన్ వేస్తే చాలు. 1983 వరకు ప్రపంచకప్ వన్డేలు 60 ఓవర్లవి. హాకీ మ్యాచ్ రెండు సగాలుగా జరిగేది, ఇప్పుడు నాలుగు క్వార్టర్లు. ఇలాంటివే ముఖ్యం. సచిన్ ఎవరో చెప్పే నోట్ ఎవరికీ అక్కర్లేదు.

ఆయన ఆరోగ్యం బాగున్నప్పుడే, ఏరిన ఒక్కో కాలమ్ గురించి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రోజు ఎక్కడున్నారు, కాపీ ఎలా పంపారు, ఎడిషన్ టైమ్ దాటిందా, తర్వాత ఎవరు పోట్లాడారు. ఈ పని పుస్తకం తర్వాత చేద్దాం అనుకోవద్దు. అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే, పైగా పైసా ఖర్చు లేదు.

కట్టింగులు, టైపింగ్

సెల్లోటేప్ వేసి అంటించినవి ఉంటే టేప్ పీకొద్దు, న్యూస్‌ప్రింట్ దాంతోపాటే ఊడొస్తుంది. ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. తేదీ లేని కట్టింగుల వెనకవైపు చూడండి. సినిమా యాడో, మార్కెట్ ధరలో, వాతావరణమో ఉంటుంది, దాంతో వారం పట్టేయొచ్చు.

లేనివాటి కోసం ముందు పత్రిక లైబ్రరీలోని బౌండ్ వాల్యూమ్స్ (బైండు చేసిన పాత సంచికలు) అడగండి. తర్వాత వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్‌బజార్ శ్రీకృష్ణదేవరాయ భాషా నిలయం, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికలు కూడా చూడండి. ఒక చిక్కు ముందే చెప్తాను. లైబ్రరీలు సాధారణంగా ఒక్క ఎడిషనే దాస్తాయి. కాలమ్ వేరే ఎడిషన్‌లోనో, జిల్లా పేజీల్లోనో వచ్చి ఉంటే అక్కడ దొరకదు. అలాంటివి పాత పాఠకుల ఇళ్ళలో, క్రీడా సంఘాల ఆఫీసు బీరువాల్లో దొరుకుతాయి.

టైపింగ్ యూనికోడ్‌లో (ఫోన్లో, కంప్యూటర్లో అంతటా చదవగలిగే అక్షర పద్ధతి) చేయించండి. డీటీపీ వాళ్ళు అను ఫాంట్స్‌లో చేస్తామంటారు, పేజీ అందంగా వస్తుంది కూడా. కానీ ఆ ఫైల్‌లో రేపు ఒక పేరు వెతకాలన్నా, ఈబుక్ చేయాలన్నా మళ్ళీ మార్పిడి, మళ్ళీ ప్రూఫులు. ఫోన్‌తో తీసిన ఫోటో నుంచి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) చేయొచ్చు. ఆఫ్‌సెట్ రోజులవి బాగానే వస్తాయి, అంతకుముందు అచ్చువి మాత్రం నేరుగా టైప్ చేయించడమే మేలు, ఒత్తులన్నీ తారుమారవుతాయి.

హక్కులు

నేను లాయర్ని కాదు, పనికొచ్చినంత వరకే చెప్తాను. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, పత్రిక ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసినదాన్ని పత్రికల్లో, మేగజైన్లలో వేసుకునే హక్కు యజమానిది. వేరే ఒప్పందం లేకపోతే పుస్తకం వంటి మిగతావాటికి హక్కుదారు రచయితే. బయటినుంచి రాసే కాంట్రిబ్యూటర్ అయితే, హక్కులు రాసివ్వనంత వరకు పూర్తిగా రచయితవే. రాసిచ్చినా అది కాగితం మీద సంతకంతో ఉండాలి, గడువు పేర్కొనకపోతే ఐదేళ్ళుగానే లెక్క. కాబట్టి నియామక పత్రం, ఏవైనా ఒప్పందాలు వెతకండి. ఏమీ లేకపోయినా పత్రికకు మర్యాదగా ఒక ఉత్తరం రాసి, వాళ్ళ పేరు పుస్తకంలో వేస్తామని చెప్పండి. ఫోటోలు వేరే సంగతి. అవి ఫోటోగ్రాఫర్‌వో, పత్రికవో, ఏజెన్సీవో అవుతాయి. కట్టింగులో ఉన్నాయి కదా అని స్కాన్ చేసి వేయొద్దు. ఇంటి ఆల్బమ్‌లో ఉన్నవైనా ఎవరు తీశారో అడిగి వేయండి.

పేజీలు, ఇండెక్స్, కాపీలు

వంద కాలమ్స్, నోట్స్, ముందుమాట కలిపి 300 పేజీల పైచిలుకు, పదహారు పేజీల ఫారాలు పంతొమ్మిదో ఇరవయ్యో అవుతాయి. అంతకు మించనివ్వకండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలు కూడా అప్లై చేయొచ్చు. అది ఇప్పిస్తామని డబ్బులడిగేవాళ్ళకు ఇవ్వకండి.

తెలుగు పుస్తకాల్లో ఎవరూ పట్టించుకోనిదీ, ఈ పుస్తకానికి మాత్రం తప్పకుండా కావాల్సిందీ చివర్లో పేర్ల ఇండెక్స్. ఆటగాళ్ళు, కోచ్‌లు, క్లబ్బులు, మైదానాలు. క్రీడల మీద రీసెర్చ్ చేసేవాళ్ళకు అదే తలుపు. అమ్మకానికీ అదే. రాష్ట్రస్థాయిలో ఆడి మరుగున పడిపోయిన మనిషి మనవడు "మా తాతయ్య పేరు 143వ పేజీలో ఉంది" అని తెలిస్తే నాలుగు కాపీలు కొంటాడు. పుస్తకాల షాపుల మీద ఆధారపడితే ఆటల పుస్తకం కదలదు. పాత ఆటగాళ్ళ కలయికలు, జిల్లా క్రీడా సంఘాలు, వ్యాయామ విద్య కాలేజీలు, డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం, ఇవీ దారులు. డిజిటల్ ప్రింటింగ్‌లో 200 వేసి, అయిపోతే మళ్ళీ వేసుకోవచ్చు. 500 ఒకేసారి వేస్తే కాపీ ధర తగ్గే మాట నిజమే, మిగిలిన అట్టపెట్టెలు మీ మంచం కిందే ఉంటాయి.

ముందుమాట పేరున్న క్రికెటర్‌తో రాయిద్దామని మీ చెల్లెలు అన్నారట. రాయించుకోవచ్చు, కానీ అలాంటివి అర పేజీ శుభాకాంక్షలుగా వస్తాయి, అది కూడా ఇంకెవరో రాసిపెడతారు. అది వెనక అట్ట మీద రెండు లైన్లు వేసుకోండి. లోపలి ముందుమాట మాత్రం, మ్యాచ్ అయిన రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి ఆయన చెప్తుంటే ఇవతల కూర్చుని ఆ కాలమ్ రాసుకున్న సబ్ ఎడిటర్ ఎవరున్నారో కనుక్కుని, వారితో రాయించండి. పది పేజీలొచ్చినా కోయకండి.